మదనపల్లె నుండి ఓహై వఱకు

మన తిరువలమును ఒరసికొని పాఱు పొన్నై నదికి నీవా యని మఱియొక పేరు గలదు. స్వామి ఆ నదిని నీవు రమ్మని పిలిచినందున దానికి ఆ పేరు కలిగినదని బిల్వనాథేశ్వరస్వామి ఆలయపు స్థలపురాణము. ఈ నది చిత్తూరు సీమలో పుట్టి, తెలుగు పల్లెల నడుమ నడచి, పిమ్మట తమిళ పల్లెలను చేరి, తుదకు పాలాఱులో కలియుచున్నది. ఆ ఏటికి ఎదురుగా చిత్తూరు వఱకు పోయి, అచ్చటినుండి పలమనేరు, పుంగనూరు మీదుగా బస్సులో పోయినచో ఒక పూటలో మదనపల్లె చేరగలము. మన విద్యార్థులలో కొందఱికి ఆ ప్రాంతమున మేనమామలును పినతల్లులును ఉన్నారు. కావున ఆ ఊరి పేరు వారికి క్రొత్త కాదు.

ఆ మదనపల్లెలో 1895వ సంవత్సరము మే నెలలో పుట్టిన ఒక తెలుగు బాలుని చరిత్రను ఈ సంచికలో వ్రాయుచున్నాము. ఆయన 1986లో కన్ను మూసిన చోటు మదనపల్లెయు కాదు, మదరాసును కాదు. అది భూగోళమున మనకు దాదాపు ఆవలి ప్రక్కన, అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, నారింజతోటల నడుమ నున్న ఓహై యను చిన్న పట్టణము. ఆయన పేరు జిడ్డు కృష్ణమూర్తి. ఆయన బోధలను వివరించుట మా ఉద్దేశము కాదు. అందుకు పెద్ద గ్రంథములు ఉన్నవి. ఒక తెలుగింటి బిడ్డ ఆ లోయను ఎట్లు చేరెను, దారిలో ఏమి పొందెను, ఏమి పోగొట్టుకొనెను అనునంతవఱకే మేము చెప్పదలచితిమి.

తండ్రి జిడ్డు నారాయణయ్య మదరాసు విశ్వవిద్యాలయ పట్టభద్రుడు. రెవిన్యూ శాఖలో చేరి తహసీలుదారు పదవి వఱకు వచ్చినవాడు. తల్లి సంజీవమ్మ. ఎనిమిదవ కాన్పు ఇంటి పూజగదిలోనే జరుగవలెనని ఆమె పట్టుపట్టి, తన మాటయే నెగ్గించుకొనెను. దేవకీదేవికి ఎనిమిదవ బిడ్డ కృష్ణుడు గనుక ఈ బిడ్డకును ఆ పేరే పెట్టిరి. ఆనాడు మదనపల్లె కడప జిల్లాలోనిది. 1911లో చిత్తూరు జిల్లాను ఏర్పఱచినపుడు మన ఉత్తర ఆర్కాటునుండి కొన్ని తాలూకాలను తీసి, కడపనుండి మదనపల్లెను తెచ్చి, రెంటిని కలిపిరి.

నారాయణయ్యకు కడపకు బదిలీ అయిన పిమ్మట పసివానికి మలేరియా పట్టుకొని ప్రాణము మీదికి వచ్చెను. ఆనాటి కడప చలిజ్వరములకు పెట్టినది పేరు. ఆ జ్వరము ఏండ్ల తరబడి వదలలేదు. అందుచేత కృష్ణుడు బడికి పోయిన దినములకంటె మంచమున పడియున్న దినములే ఎక్కువ. ఉపనయనమునాడు పళ్ళెములో పోసిన బియ్యముపై వ్రేలితో ఓంకారము దిద్దించి, పిమ్మట బడికి తీసికొనిపోయిరి. పలకలేని పిల్లవాడు కనబడినచో తన పలక ఇచ్చివేసి వట్టిచేతులతో ఇంటికి వచ్చెడివాడు. ఒకనాడు తండ్రి గడియారమును విప్పి, చక్రములన్నియు నేలపై పఱచుకొని, వానిని తిరిగి బిగించువఱకు గది విడిచి రానని భీష్మించెను; బిగించి మఱీ వచ్చెను. పాఠము మాత్రము తలకెక్కలేదు. 1905 డిసెంబరులో సంజీవమ్మ మరణించెను. అప్పటికి కృష్ణునకు పదేండ్లు. తమ్ముడు నిత్యానందమునకు ఏడు.

నారాయణయ్య 1907లో ఉద్యోగము విరమించెను. జీతములో సగమైన పింఛనుతో, తల్లిలేని పిల్లలతో సంసారము గడచుట దుర్భరమయ్యెను. ఆయన చాలకాలమునుండి దివ్యజ్ఞాన సమాజ సభ్యుడు. సమాజాధ్యక్షురాలు అనిబిసెంటునకు వ్రాసి వ్రాసి, 1909 జనవరిలో అడయారులో ఒక పని సంపాదించి, నలుగురు కొడుకులతో అచ్చటికి చేరెను. సమాజపు ఆవరణ వెలుపల ఒక పాడుబడిన ఇల్లు దొరకెను. పిల్లలు మూడు మైళ్ళు నడచి మైలాపూరులోని ఒక ఉన్నత పాఠశాలకు పోవుచుండిరి. అచ్చట పాఠము అప్పగింపలేనందుకు కృష్ణునకు దాదాపు ప్రతిదినమును బెత్తపు దెబ్బలు తప్పలేదు. తరగతినుండి వెళ్ళగొట్టబడి వరండాలో కన్నీళ్ళతో నిలుచుటయు వాడుకయ్యెను. ఉపాధ్యాయ వృత్తిలో నున్న మేము ఈ ఘట్టమువద్ద కొంచెము ఆగి చదువుకొనుట మంచిది.

ఆ సంవత్సరమే వేసవిలో, అడయారు ఏఱు సముద్రమున కలియు చోట, ఇసుకలో ఆడుకొనుచున్న ఈ బక్కపలుచని బాలుడు సమాజ ప్రముఖుడైన లెడ్బీటరు కంటబడెను. బాలుని చుట్టును స్వార్థపు మచ్చ లేని కాంతి యొకటి తనకు కనబడుచున్నదని ఆయన చెప్పెను. అంతకుమున్ను ఇంటిపాఠములలో తోడ్పడిన ఒక ఆంగ్ల యువకునకు మాత్రము ఆ బాలుడు మందమతిగానే కనబడియుండెను. ఎవరి చూపు వారిది. రాబోవు జగద్గురువునకు ఈ బాలుడే వాహనము కాగలడని సమాజ పెద్దలు తలచిరి. 1909 నవంబరులో అనిబిసెంటు తిరిగి వచ్చి, ఆ అన్నదమ్ములను చూచి, కన్నబిడ్డలవలె అక్కున జేర్చుకొనెను. 1910 మార్చి 6వ తేదీన నారాయణయ్య ఇద్దఱు పిల్లల సంరక్షణను ఆమెకు అప్పగించుచు పత్రము వ్రాసి ఇచ్చెను.

లెడ్బీటరునకు తెలుగు రాదు. బాలునకు ఇంగ్లీషు అంతంత మాత్రము. కావున మొదటి పాఠము ఇంగ్లీషే అయ్యెను. బడి మాన్పించిరి. చదువు, స్నానము, భోజనము, ఆట, సైకిలు స్వారి, అన్నియు ఆంగ్ల పద్ధతిని జరుగసాగెను. చుట్టునున్న మాట అంతయు ఇంగ్లీషే. కొన్ని నెలలలోనే కృష్ణుడు అనిబిసెంటునకు ఆ భాషలో ఉత్తరములు వ్రాయగలిగెను. 1910 చివరనే అతని కలముపేరుతో ఒక చిన్న ఇంగ్లీషు పుస్తకము అచ్చుపడగా, ఇంత కొద్దికాలపు చదువుతో బాలుడు దానిని వ్రాయగలడా అని పలువురు సందేహించిరి. 1911లో ఆ సోదరులను ఇంగ్లండునకు తీసికొనిపోయిరి. అటుపిమ్మట వారి చెవిని తెలుగు మాట పడుట అరుదయ్యెను. ఎవరును తెలుగు మాటాడవద్దని ఆ పిల్లలను కొట్టలేదు. పలుకరించువారు లేకపోయిరి, అంతే. పొలములోనికి నీరు పాఱు కాలువను ఎవరును పూడ్చనక్కఱలేదు. రెండేండ్లు నీరు విడువకున్న అదియే పూడిపోవును.

ఇంగ్లీషు వచ్చినందుకు మేము విచారింపము. ఆ భాషయే లేకున్న ఆయన మాట ఇన్ని దేశములకు చేరియుండదు. కాని ఇంటి భాషను బయట నిలువబెట్టి గాని క్రొత్త భాషను లోనికి పిలువరాదని ఎవరు చెప్పిరి? మన పిల్లలు ఇంట తెలుగు, బజారున తమిళము, తరగతిలో ఇంగ్లీషు పలుకుచు మూటిని మోయుచున్నారు. మోయలేరేమో అని తల్లిదండ్రులలో కొందఱు భయపడి, అన్నిటికంటె ముందు తెలుగునే దించివేయుచున్నారు.

నారాయణయ్యకు తాను చేసిన పని తప్పని త్వరలోనే తోచెను. లెడ్బీటరుపై ఆయనకు నమ్మకము పోయెను. పిల్లలను తిరిగి ఇప్పింపవలసినదిగా 1912లో మదరాసు హైకోర్టులో వ్యాజ్యము వేసెను. ఆయన పక్షమున వాదించినవారు సి. పి. రామస్వామి అయ్యరు. అనిబిసెంటు తన వాదమును తానే వినిపించుకొనెను. 1913 ఏప్రిలులో న్యాయమూర్తి బేక్‌వెల్ తండ్రి పక్షమున తీర్పు చెప్పెను. అప్పీలులోను తండ్రియే గెలిచెను. అనిబిసెంటు లండనులోని ప్రీవీ కౌన్సిలునకు పోగా, 1914 మే నెలలో అచ్చట ఆ తీర్పులు కొట్టివేయబడెను. ఇంగ్లండులో నున్న బాలురను గూర్చి మదరాసులో వ్యాజ్యము నడపుట సరికాదనియు, ఆ బాలుర ఇష్టమేమో ఎవరును విచారింపలేదనియు న్యాయమూర్తులు ఎత్తిచూపిరి. న్యాయశాస్త్ర విద్యార్థులు నేటికిని ఈ తీర్పును చదువుచున్నారు. రెండు కోర్టులలో గెలిచిన తండ్రికి పిల్లలు దక్కలేదు.

ఇంగ్లండులోని పదేండ్లను గూర్చి చెప్పవలసినది కొంచెమే. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము ఆయనను చేర్చుకొనలేదు. లండను మెట్రిక్యులేషను పరీక్షలో ఆయన పలుమాఱులు తప్పెను. పదవ తరగతి పరీక్ష తప్పి చీకటిగదిలో కూర్చుండు మన పిల్లలు ఈ సంగతి తెలిసికొనవలెను. నిత్యానందము మాత్రము పరీక్షలు నెగ్గి న్యాయవాద విద్య ముగించెను. కాని అతనికి క్షయ పట్టుకొనెను. 1921 చివరన సోదరులు ఇండియాకు వచ్చి, మదరాసులో ముసలి తండ్రిని చూచిరి. అప్పటికి తెలుగు వారిని విడిచిపోయినది. అనిబిసెంటును మాత్రము కృష్ణమూర్తి జీవితాంతము అమ్మా అనియే పిలుచుచుండెను. ఆ మాట తెలుగును అవును, తమిళమును అవును.

ఇక ఓహై సంగతి. 1922లో సోదరులు సమాజ సభలకై ఆస్ట్రేలియాకు పోగా, సిడ్నీలో నిత్యానందమునకు వ్యాధి తిరుగబెట్టెను. స్విట్జర్లాండునకు పోవలసియుండెను, సముద్రమార్గము అమెరికామీదుగా కుదిరెను. ఓహైలోయ గాలి పొడి గాలి యనియు, క్షయరోగులకు మేలు చేయుననియు, అచ్చట ఒక చిన్న ఇల్లు ఇప్పింతుననియు అమెరికా శాఖ పెద్ద వారింగ్టను చెప్పెను. ఆ విధముగా 1922 జూలై నెలలో ఆ అన్నదమ్ములు ఓహై చేరిరి. ఇందులో విధి వైచిత్ర్యము ఒకటి మాకు తోచినది. అప్పటికే, అదే కారణముచేత, అనగా గాలి పొడి గాలి యను కారణముచేత, వారి జన్మస్థలమైన మదనపల్లె ప్రక్కననే ఆరోగ్యవరము క్షయ చికిత్సాలయము వెలసి, దక్షిణదేశపు రోగులెందఱో అచ్చటికి వచ్చుచుండిరి. మదనపల్లె బిడ్డ మాత్రము ఆ గాలికై భూగోళమున సగము చుట్టి పోయెను. క్షయకు మందు కనుగొనబడుటకు ఇంకను ఇరువదేండ్లు ఉన్నది.

ఓహై లాస్ ఏంజిలిస్ నగరమునకు సుమారు 80 మైళ్ళ దూరమున, సముద్రమునకు 15 మైళ్ళు లోపల నున్నది. ఆ పేరు అచ్చటి ఆదివాసులైన చూమాషుల భాషలో చంద్రునికి గల మాటనుండి వచ్చినదందురు. తెల్లవారు 1870 దశకమున అచ్చట ఊరు కట్టి, కాలిఫోర్నియాను పొగడి వ్రాసిన ఒక పత్రికారచయిత పేరున నార్డాఫ్ అని పిలిచిరి. మొదటి ప్రపంచయుద్ధ కాలమున జర్మను పేర్లపై ఏవగింపు కలిగి, 1917లో పాత పేరునే తిరిగి పెట్టిరి. ఆ సంవత్సరమే గాజు పరిశ్రమలో ధనము గడించిన లిబ్బీ యను శ్రీమంతుడు బజారు వీధికి కమానుల వరుసను, తపాలా కార్యాలయమునకు గోపురమును కట్టించెను. 1921లో అది పురపాలకమయ్యెను; అన్నదమ్ములు చేరినది ఆ మఱుసటి ఏడే. 2020 జనాభా లెక్కలలో ఆ పట్టణ ప్రజలు 7,600 పైచిలుకు. మన గుడియాత్తములో 2011 నాటికే 90 వేలకు మించి ఉండిరనిన, ఆ ఊరు ఎంత చిన్నదో పిల్లలకు తెలియగలదు.

ఆ తీరమున కొండవరుసలు పెక్కు ఉత్తర దక్షిణములుగా సాగగా, ఓహై చుట్టునున్నవి మాత్రము తూర్పు పడమరలుగా సాగుచున్నవి. కావున సాయంకాలపు ఎండ లోయ పొడవున సూటిగా పోయి తూర్పుకొనలోని టోపాటోపా కొండలపై పడును. కొద్ది నిమిషములు ఆ రాతిగోడ అంతయు గులాబిరంగు తిరుగును. అచ్చటివారు పని ఆపి చూచెడి వేళ అది. వాన చలికాలముననే పడును. వేసవి అంతయు ఎండుగాలి. మనకు దీనికి సరిగా తలక్రిందులు. లోయ అడుగున నారింజ, నిమ్మ, వెన్నపండు తోటలు. వాలులలో ఓక్ చెట్లు. 1959లో కసీటాస్ ఆనకట్ట పూర్తియైన పిమ్మట తోటలకు ఆ జలాశయపు నీరు ఆధారమయ్యెను. చలికాలపు రాత్రులలో చల్లనిగాలి బరువెక్కి లోయ అడుగునకు జాఱి, పండును గడ్డకట్టించును. పూర్వము తోటవారు చెట్ల వరుసల నడుమ నూనెకుంపట్లు వెలిగించి రాత్రియంతయు కాపలా కాసెడివారు. తరువాత స్తంభములపై పెద్ద పంకాలు నిలిపి, పైనున్న వెచ్చని గాలిని క్రిందికి త్రోయుట నేర్చిరి. మామిడిపూత వేళ మంచు పడినచో మన తోటవారు పడు బాధ తెలిసినవారికి ఆ రాత్రులు ఎట్టివో చెప్పనక్కఱలేదు.

నారింజను గూర్చి ఒక మాట చెప్పక ముందునకు సాగలేము. ఆ పండు అమెరికాది కాదు. ఆసియాలో పుట్టి అచ్చటికి పోయినది. దాని పేరును ఇటునుండియే పోయినది. సంస్కృతములోని నారంగ శబ్దము ద్రావిడ భాషలనుండి వచ్చినదని పండితుల అభిప్రాయము. దానిని పారశీకులు నారంగ్ అనిరి. అరబ్బులు నారంజ్ అనిరి. స్పెయినువారు నరంహ అనిరి. ఐరోపాలో కొందఱి నోట మొదటి నకారము రాలిపోయి ఇంగ్లీషువారికి ఆరెంజి అయి చేరినది. కాలిఫోర్నియాకు ఆ చెట్టును తెచ్చినవారు స్పెయిను మతబోధకులు. నేటికిని అచ్చటి తోటలలో కాయ కోయు మెక్సికో కూలీలు దానిని నరంహ అనియే పిలుతురు. అనగా మదనపల్లెలో సంజీవమ్మ నారింజ యని పిలిచిన పండు, ఆమె కుమారుడు నివసించిన లోయలో దాదాపు ఆ పేరుతోనే పిలువబడుచుండెను.

ఆ లోయ తూర్పుకొనలో పైన్ కాటేజి యను చిన్న చెక్కయింట అన్నదమ్ములు దిగిరి. తమ్ముని జ్వరమును చూచుకొనుచు, ఉదయసాయంకాలములు ధ్యానము చేయుచు కృష్ణమూర్తి కాలము గడపెను. 1922 ఆగస్టు 17న ఆయనకు మెడ వెనుక తీవ్రమైన నొప్పి పుట్టి, మూడు దినములు ఒడలు కాలుచు, తెలివి వచ్చుచు పోవుచు ఉండెను. 20వ తేదీ సాయంకాలము ఇంటిముందటి మిరియపుచెట్టు క్రిందికి పోయి కూర్చుండెను. ఇది మన మిరియపుతీగ కాదు. దక్షిణ అమెరికాదైన వేఱొక చెట్టు. ఆకులు వేపాకువలె సన్నములు, కాయలు ఎఱ్ఱని మిరియములు. ఆ చెట్టు క్రింద తనకు చెప్పనలవికాని శాంతి కలిగినదని ఆయనయు, తాము చూచినదానిని నిత్యానందమును పిమ్మట వ్రాసిరి. భక్తులకు అది బోధివృక్షపు ఘట్టమువంటిది. వైద్యులు వేఱొక పేరు పెట్టవచ్చును. మేము తీర్పు చెప్పము. నాటినుండి ఆ లోయ ఆయనకు ఇల్లయినదనుట మాత్రము నిజము. 1923లో ఆ ఇంటిని, చుట్టునున్న నేలను అనిబిసెంటు తోడ్పాటుతో కొని, పెద్ద ఇంటికి ఆర్యవిహారమని పేరు పెట్టిరి.

నిత్యానందము కోలుకొనలేదు. 1925 శరత్తులో తమ్ముని ఓహైలోనే ఉంచి కృష్ణమూర్తి అడయారు ఉత్సవములకు బయలుదేరవలసివచ్చెను. నిత్యానందము బ్రతుకునని సమాజపు అదృశ్య గురువులు అభయమిచ్చియున్నారని ఆయన దృఢముగా నమ్మియుండెను. ఓడ సూయెజు కాలువలో నుండగా, గాలివాన కురియుచున్న వేళ, తంతివార్త వచ్చెను. నవంబరు 13న నిత్యానందము ఓహైలో మరణించెను. అతనికి ఇరువదియేడేండ్లు. కొలంబో చేరువఱకు గల పండ్రెండు దినములలో పగలు మౌనముగా నుండి, రాత్రులు తమ్ముని పేరు పెట్టి ఏడ్చుచుండెనని ఆ ఓడలో తోడుగా నున్న మిత్రులు తెలిపిరి. తల్లిపోయిన పిమ్మట, తండ్రి దూరమైన పిమ్మట, భాష పోయిన పిమ్మట, ఆ తమ్ముడొక్కడే మదనపల్లెనుండి మిగిలిన తోడు. ఆ ఓడలోనే గురువుల అభయముపై ఆయనకు గల నమ్మకము కూడ మునిగిపోయెనని పలువురు తలంతురు.

నాలుగేండ్ల పిమ్మట ఆ సంగతి లోకమునకు తెలిసెను. ఆయనను జగద్గురువుగా నెన్నుకొని స్థాపించిన నక్షత్ర సంఘమునకు అప్పటికి పలుదేశములలో వేలకొలది సభ్యులు. హాలెండులో ఒక ప్రభువు తన కోటను, విశాలమైన ఎస్టేటును కానుక ఇచ్చియుండెను. 1929 ఆగస్టు 3న ఆ దేశపు ఓమెన్ గ్రామమున మూడువేలమందికి పైగా కూడిన సభలో, అనిబిసెంటు ఎదుటనే, కృష్ణమూర్తి ఆ సంఘమును రద్దు చేసెను. సత్యమునకు సంఘములు దారి చూపలేవనియు, తనకు శిష్యులు వలదనియు చెప్పెను. కోటను, భూములను, ధనమును ఇచ్చినవారికి తిరిగి ఇచ్చివేసెను. సింహాసనము అందినచోట లేచి నడచిపోయినవారు చరిత్రలో కొలదిమంది. వృద్ధురాలైన అనిబిసెంటునకు అది పెద్ద దెబ్బ. అయినను వారి నడుమ మమత చెడలేదు. 1933 సెప్టెంబరులో ఆమె మరణించెను.

అటుపిమ్మట దేశదేశములు తిరిగి మాటాడుటయే ఆయన పనియయ్యెను. ఓహైలో 1928నుండియే ఓక్‌తోపులో సభలు జరుగుచుండెను. జనము చెట్లనీడన నేలపై కూర్చుండి వినెడివారు. రెండవ ప్రపంచయుద్ధము వచ్చి ప్రయాణములు నిలిచిపోగా ఏండ్ల తరబడి ఆయన ఆ లోయ విడువలేదు. మాకు మిక్కిలి ఇష్టమైన భాగము ఇదియే. ఆ ఏండ్లలో ఆయన తెల్లవారుజామున లేచి ఆవు పాలు పిదికెను, కోళ్ళకు మేత వేసెను, కూరగాయమడులు త్రవ్వెను, తేనెటీగలను పెంచెను, వంటపాత్రలు కడిగెను, ఒంటరిగా కొండలలో మైళ్ళకొలది నడచెను. తహసీలుదారు కొడుకు, ఒకనాటి జగద్గురువు, తోటపనివాడయ్యెను. సమీపమున నివసించు ఆంగ్ల రచయిత ఆల్డస్ హక్స్‌లీ ఆయనకు నడకలో తోడగుచు, వ్రాయుమని ప్రోత్సహించెను. ఆయన గ్రంథములలో పేరుపొందినదొకటి 1954లో హక్స్‌లీ పీఠికతోనే వెలువడెను.

ఓహైని ఎంచుకొన్న కాలముననే ఆయన తన పుట్టినసీమలోను ఒక లోయను ఎంచుకొనెను. మదనపల్లెకు పది మైళ్ళ దూరమున, ఋషికొండ దిగువన, పెద్ద మఱ్ఱిచెట్టున్న ఒక కఱవునేలలో విద్యాలయము పెట్టవలెనని 1920 దశకము నడుమ ఆయన తలచెను. 1930 దశకారంభమున ఋషివ్యాలీ పాఠశాల అచ్చట నడువసాగెను. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట, 1947 చివరనుండి, దాదాపు ప్రతి సంవత్సరమును చలికాలమున ఆయన ఇండియాకు వచ్చి ఆ లోయలో కొన్ని వారములు గడపుచుండెను. సాయంకాలమున పల్లెదారిని నడచుట ఆయనకు అలవాటు. చుట్టునున్న పల్లెలన్నియు తెలుగు పల్లెలు. గొఱ్ఱెలు తోలుకొనివచ్చు కాపరి ఆగి పలుకరించినచో, కన్నతల్లి పలికిన ఆ మాటకే మాఱుపలుకుటకు ఆయనయొద్ద మాట లేకుండెను. చేతులు జోడించి చిఱునవ్వు నవ్వెడివాడు. ఫ్రెంచి, ఇటాలియను కొంత వచ్చును; సంస్కృత శ్లోకములు రాగముతో చదువగలడు; తెలుగు రాదు. హాలెండు కోటను తిరిగి ఇచ్చివేయ గలిగెను. ఆయనయొద్దనుండి పోయినదానిని తిరిగి ఇచ్చుట మాత్రము ఎవరివలనను కాలేదు. మేము దీనిని ఒక నేరముగా ఎవరిపైనను మోపుటలేదు. అనిబిసెంటు ప్రేమ నిజము, నారాయణయ్య పేదఱికము నిజము. మంచివారు కలిసియే ఈ పని జరిపిరి.

ముసలితనమున ఓహై ఆయనకు కొంత దూరమయ్యెను. పుస్తకముల హక్కులు, ఆస్తుల యాజమాన్యము పాత సహచరుల చేతిలో చిక్కి, 1968లో విడిపోవలసివచ్చెను. వ్యాజ్యము సాగి 1974లో రాజీ కుదిరెను. తండ్రి వ్యాజ్యముతో మొదలైన జీవితమున ఇది రెండవ పెద్ద వ్యాజ్యము. పైన్ కాటేజి, ఆర్యవిహారము తిరిగి ఆయన పక్షమునకు చేరెను. 1975లో ఓహైలో ఓక్ గ్రోవ్ పాఠశాలను తెఱచిరి.

1985 డిసెంబరులో ఆయన కడపటిసారి ఋషివ్యాలీలో నుండెను. ఒడలు బాగుగా చిక్కిపోయియుండెను. 1986 జనవరి 4న మదరాసులోని వసంతవిహారమున ఆఖరి ఉపన్యాసము ఇచ్చెను.  ఆ నెలలోనే ఓహైకి పోగా, అచ్చట వైద్యులు క్లోమమునకు కాన్సరు సోకినదని తేల్చిరి. ఫిబ్రవరి 17న, అర్ధరాత్రి దాటిన కొలది నిమిషములకు, ఆనాటి మిరియపుచెట్టు ఎదుటనున్న పైన్ కాటేజిలోనే కన్ను మూసెను. ఆయనకు తొంబది యేండ్లు. ఏ కర్మకాండయు లేకుండ వెంచురా పట్టణమున దహనము చేసిరి. అస్థికలలో కొంత ఓహైలో, కొంత ఇంగ్లండులో ఉంచి, కొంత ఇండియాకు తెచ్చిరి. అందులో ఒక పాలు అడయారు సముద్రమున కలిపిరి.

2017 డిసెంబరులో ఓహై కొండలు ఎండుగాలికి అంటుకొని పట్టణము చుట్టును మంటలు చెలరేగెను. ప్రజలు ఊరు విడిచిపోవలసివచ్చినను పట్టణము దక్కినది. నారింజతోటలు ఆ లోయలో ఇంకను కాయుచున్నవి.

ఋషివ్యాలీలో మాత్రము ఒక క్రొత్త పని సాగెను. పెద్ద పాఠశాలలో బోధన ఇంగ్లీషున జరుగుచుండగా, చుట్టుప్రక్కల పల్లెపిల్లలకై చిన్నచిన్న బడులు పెట్టి, అచ్చట చదువును తెలుగులోనే మొదలిడిరి. ఒకే గదిలో పలుతరగతుల పిల్లలు కూర్చుండి, ఎవరి వేగమున వారు నేర్చుకొనుటకు వీలుగా అట్టముక్కలపై పాఠములు వ్రాసి, నిచ్చెన మెట్లవలె వరుస పెట్టిరి. ఆ పద్ధతిని చూచివచ్చిన తమిళనాడు అధికారులు మొదట చెన్నై నగర పాఠశాలలలోను, 2007 ప్రాంతమున రాష్ట్రమంతటను దానిని అమలుపఱచిరి. మన తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఏనుగు బొమ్మయో, కాకి బొమ్మయో గల ఆ రంగుల కార్డులు గుర్తుండవచ్చును. చాపపై కూర్చుండి, నిచ్చెనలో తమ మెట్టు ఎక్కడనో వెదకికొని, కార్డు తీసికొనిపోయి చదువుకొన్న పిల్లలు ఈ జిల్లాలో నేడు పెద్దవారై యున్నారు.